1964లోనే బాంబు చేసి ఉంటే? నెహ్రూ, భాభా, శాస్త్రి కాలపు అణు విధానం గురించి

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ప్రపంచానికి నిరాయుధీకరణ బోధిస్తూ ఇంట్లో అణు కార్యక్రమం మొదలుపెట్టడం నెహ్రూ రెండు నాలుకల ధోరణి కాదా అన్నారు. 1964లో చైనా పేల్చగానే మనమూ బాంబు చేసి ఉంటే 1965 యుద్ధం వచ్చేదా, 1974లో ఎలాగూ చేశాం కదా, మధ్యలో పదేళ్లు ఎందుకు వృథా చేశాం అన్నారు. గోధుమలు అడుక్కునే దేశానికి అసలిదంతా ఎందుకని కూడా అన్నారు. పోటీ పరీక్షలకు చదువుతున్నానన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను హైదరాబాద్‌లో అణు ఇంధనం తయారుచేసే చోట పనిచేసి రిటైరయ్యాను. ఆయుధాల పనికీ నాకూ సంబంధం లేదు, ఇక్కడ రాసేదంతా బయట అచ్చులో ఉన్నదే. ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసినవాడికి ఈ చరిత్ర కొంచెం వేరే వైపు నుంచి కనిపిస్తుంది, అంతే.

ముందు రెండో ముక్క. అందరూ ఎక్కువగా అడిగేది అదే.

1964 అక్టోబరు 16న లోప్‌నార్‌లో చైనా తన తొలి అణుబాంబు పేల్చింది. రెండేళ్ల క్రితమే 1962 యుద్ధంలో చైనా చేతిలో దెబ్బ తిన్నాం, నెహ్రూ పోయి అయిదు నెలలు కూడా కాలేదు, శాస్త్రి కొత్తగా కుర్చీ ఎక్కారు. చైనా పరీక్ష జరిగిన ఎనిమిది రోజులకు, అక్టోబరు 24న, మన అణుశక్తి సంఘం అధ్యక్షుడు హోమీ భాభా ఆకాశవాణిలో మాట్లాడుతూ ఒక లెక్క చెప్పారు. పది కిలోటన్నుల అణుపేలుడుకు 17.5 లక్షల రూపాయలు, యాభై బాంబుల నిల్వకు 10 కోట్ల లోపే అని. దేశం మొత్తం ఆ అంకె పట్టుకుంది. ఇంత చవకైతే ఎందుకు చేయం అని పార్లమెంటులో, పత్రికల్లో గోల మొదలైంది.

ఆ లెక్క అమెరికావాళ్లు తమ శాంతియుత పేలుళ్ల పథకం కోసం ప్రకటించిన ధర. అప్పటికే రియాక్టర్లు, శుద్ధి కర్మాగారాలు, పరీక్షా స్థలాలు, వేలమంది నిపుణులు ఉన్న దేశం ఇంకొక్క పరికరం చేయడానికి అయ్యే ఖర్చది. వాటన్నిటినీ నిలబెట్టడానికి అయ్యే పెట్టుబడి అందులో లేదు. బాంబును మోసుకెళ్లే విమానం లేదు, క్షిపణి లేదు, రాడార్ లేదు, కాపలా లేదు. భాభాకు ఇది తెలియదని నేననుకోను. ఆయన మహానుభావుడు, ఆయన కట్టిన ఇల్లే నాకు అన్నం పెట్టింది. అయినా ఆ రేడియో లెక్క దేశానికి సరైన సమాచారం ఇవ్వలేదనే నా అభిప్రాయం.

ఇక్కడ మనవాళ్లలో చాలామందికి గుర్తులేని సంగతి ఒకటుంది. ఈ బాంబు చర్చ పార్టీలో గట్టిగా జరిగింది గుంటూరులో. 1964 నవంబరు మొదట్లో, అంటే లోప్‌నార్ పేలుడు జరిగి మూడు వారాలు తిరిగేసరికే, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు అక్కడ పెట్టారు. బాంబు చేయాల్సిందేనని సొంత పార్టీవాళ్లే పట్టుబట్టారు. శాస్త్రి లొంగలేదు. ఖర్చు గురించి చెప్పారు, గాంధీ, నెహ్రూల మాట చెప్పారు, చివరికి బాంబు వద్దన్న విధానమే నిలిచింది. అదే నెల 27న లోక్‌సభలో జనసంఘ్ బాంబు తయారీ కోరుతూ తీర్మానం పెడితే దాన్నీ ఎదుర్కొన్నారు. కానీ అదే చర్చలో చిన్న తలుపు తెరిచారు, కొండల్లో సొరంగాలు తొలచడం లాంటి పనులకు అణుపేలుడు ఉపయోగపడితే దానిమీద పని చేయవచ్చని. పదేళ్ల తరవాత, 1974లో, రాజస్థాన్ ఎడారిలోని పోఖ్రాన్‌లో చేసిన పరీక్షకు పెట్టిన ‘శాంతియుత అణుపేలుడు’ అన్న పేరు వచ్చింది ఆ తలుపులోంచే. శాస్త్రిని మెతక మనిషని రాసేవాళ్లు ఈ భాగాన్ని వదిలేస్తారు.

సరే, ఆయన ఆ రోజు ఊ అని ఉంటే? పద్దెనిమిది నెలల్లో పేల్చగలమని భాభా అన్నారు. సాధనాలు చూద్దాం. బాంబుకు కావాల్సిన ప్లుటోనియం రావాల్సింది ట్రాంబేలోని సైరస్ రియాక్టర్ నుంచి. అది 1960లో మొదలైనా పూర్తి శక్తికి చేరడానికి మూడేళ్లు పట్టింది. వాడేసిన ఇంధనంలోంచి ప్లుటోనియం వేరుచేసే ప్లాంటు 1964లో అప్పుడే మొదలైంది, శాస్త్రి దాన్ని లాంఛనంగా ప్రారంభించింది 1965 జనవరిలో. సైరస్ బాగా నడిస్తే ఏడాదికి వచ్చేది పది కిలోల లోపు. అంటే ఏడాదికి ఒకటీ రెండు పరికరాల సరుకు. పోనీ ఒక బాంబు తయారైందే అనుకుందాం, దాన్ని ఎక్కడికి పట్టుకెళ్తాం? అస్సాంలోని తేజ్‌పూర్ నుంచి బీజింగ్ 2,500 కిలోమీటర్ల పైమాటే. మన వాయుసేన దగ్గరున్న బాంబర్ కాన్‌బెరా. బరువు మోసుకుని అంతదూరం వెళ్లి తిరిగి రాగల విమానం కాదది. ఇది నేను చెప్పే మాట మాత్రమే కాదు, భాభా తరవాత అణుశక్తి సంఘానికి వచ్చిన విక్రం సారాభాయ్ 1966లోనే బహిరంగంగా చెప్పారు, పేలుడు పరికరం ఒక్కటే భద్రత ఇవ్వదు, దాని వెనక మొత్తం రక్షణ వ్యవస్థ ఉండాలని.

పాకిస్తాన్ సంగతి. కశ్మీర్‌లోకి పాకిస్తాన్ మనుషుల్ని చొరబెట్టిన ఆపరేషన్ జిబ్రాల్టర్ 1965 ఆగస్టులో మొదలైంది. పద్దెనిమిది నెలల లెక్క తీసుకున్నా అప్పటికి మన దగ్గర బాంబు ఉండదు. ఉన్నా ఆగేదా అన్నది వేరే ప్రశ్న. 1998లో రెండు దేశాలూ పేల్చాయి, 1999లో కార్గిల్ వచ్చింది. సోవియట్ యూనియన్, చైనా రెండూ అణు దేశాలైయుండి 1969లో ఉసురీ నది దగ్గర కొట్టుకున్నాయి. పూర్తిస్థాయి యుద్ధాన్ని బాంబు ఆపుతుందేమో గానీ సరిహద్దులో చొరబాటును ఆపుతుందని చరిత్ర చెప్పడం లేదు.

దీనికి ఎదురుగా 1967ను పెట్టి చూడండి. ఆ ఏడాది జూన్‌లో చైనా ఏకంగా హైడ్రోజన్ బాంబు పేల్చింది. మన దగ్గర ఏ బాంబూ లేదు. సెప్టెంబరులో సిక్కిం సరిహద్దులో నాథూలా దగ్గర, అక్టోబరు 1న చోలా దగ్గర చైనా సైన్యంతో మనవాళ్లు తలపడ్డారు, వెనక్కి తగ్గలేదు. అయిదేళ్లలో ఏం మారింది? 1962 తరవాత రక్షణ ఖర్చు జాతీయాదాయంలో సుమారు 2 శాతం నుంచి దాదాపు 4 శాతానికి పెరిగింది, పర్వత డివిజన్లు లేచాయి, సైన్యాన్ని 8.25 లక్షలకు, వాయుసేనను 45 స్క్వాడ్రన్లకు పెంచాలని ప్రణాళిక వేశారు. చలికోటు, బూటు, రోడ్డు, ఫిరంగి, ఇవే అక్కడ పని చేశాయి. మీరు పరీక్షలో ఈ అంశం మీద రాయాల్సివస్తే 1962ను 1967తో పోల్చి రాయండి. అణు చర్చలో ఈ పోలిక చాలా తక్కువమంది తెస్తారు.

ఇక మొదటి ముక్క, నెహ్రూ ద్వంద్వ ధోరణి. నాకు మాత్రం అలా అనిపించదు. కారణం చెప్తాను.

1948 ఏప్రిల్‌లో అణుశక్తి బిల్లు రాజ్యాంగ సభ ముందుకొచ్చింది, అప్పట్లో అదే మన శాసనసభ కూడా. మైసూరుకు చెందిన కృష్ణమూర్తిరావు అనే సభ్యుడు గట్టి ప్రశ్న వేశారు. బ్రిటన్ చట్టంలో రహస్యం రక్షణ అవసరాలకే పరిమితం, ఇక్కడ శాంతియుత పరిశోధనకు కూడా ఇంత రహస్యం ఎందుకు అని. ఆ రెండిటినీ ఎలా విడదీయాలో తనకు తెలియడం లేదని నెహ్రూ సభలోనే ఒప్పుకున్నారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండలేదు, హిరోషిమా మీద బాంబు పడి మూడేళ్లు కాలేదు, ఒక ప్రధాని చట్టసభలో నిలబడి ఈ విద్యకు రెండు అంచులున్నాయని చెప్పాడు. దాచిపెట్టాలనుకున్నవాడు అలా మాట్లాడడు. బాంబు వద్దు అన్నదాన్ని ఆయన మనసారా నమ్మారు, 1954 ఏప్రిల్‌లో అణుపరీక్షలు ఎక్కడివక్కడ నిలిపేయాలని ప్రపంచంలో ముందుగా అడిగినవాళ్లలో ఆయనొకరు. అదే సమయంలో, రేపు ఎవరైనా వచ్చి మీకు ఈ విద్య లేదు కాబట్టి మేం చెప్పినట్టు వినండి అనే పరిస్థితి ఈ దేశానికి రాకూడదనీ అనుకున్నారు. విద్య ఇప్పుడు నేర్చుకుందాం, దానితో ఏం చేయాలో తరవాతి తరం నిర్ణయించుకుంటుంది, ఆయన విధానం మొత్తం ఇంతే. రెండు వందల ఏళ్ల పరాయి పాలనలోంచి అప్పుడే బయటపడ్డ దేశానికి ఇంతకంటే మంచి దారి ఉందని నేననుకోను.

భాభా 1944లోనే టాటా ట్రస్టుకు రాసిన ఉత్తరంలో ఇదే ఆలోచన ఉంది, అణు విద్యుత్తు వచ్చేనాటికి నిపుణుల కోసం మనం విదేశాల వైపు చూడనవసరం లేకుండా ఉండాలని. 1945లో టాటా పరిశోధనా సంస్థ, 1948 ఆగస్టులో భాభా, భట్నాగర్, కె.ఎస్.కృష్ణన్ ముగ్గురితో అణుశక్తి సంఘం, 1954లో నేరుగా ప్రధాని కింద ప్రత్యేక శాఖ, 1956లో అప్సర రియాక్టర్. దాని ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. ఆ తరవాత వచ్చిన సైరస్ కెనడా సాయం, దానిలో న్యూట్రాన్ల వేగం తగ్గించే భారజలం అమెరికాది. శాంతియుత పనులకే వాడతామన్న మాట తప్ప తనిఖీలేమీ ఆ ఒప్పందంలో లేవు, అంతర్జాతీయ తనిఖీ వ్యవస్థ అప్పటికి ఇంకా పుట్టలేదు. తరవాతి ఒప్పందాల్లో అలాంటి వెసులుబాటు మళ్లీ దొరకలేదు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, నా దృష్టిలో, ఈ శ్రద్ధలో సగం కూడా సైన్యం మీద పెట్టకపోవడంలో. 1948లో బ్రిటిష్ శాస్త్రవేత్త బ్లాకెట్‌ను పిలిచి రక్షణ పరిశోధన మీద సలహా అడిగారు. మీ స్తోమతకు, మీ అవసరాలకు తగ్గ ఆయుధాలమీద దృష్టి పెట్టండి, అణ్వాయుధాల జోలికి పోకండి అన్నాడాయన. సగం వినిపించుకున్నారు. 1962 నాటికి హిమాలయాల్లో మన జవాన్ల చేతుల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి త్రీ నాట్ త్రీ రైఫిళ్లు, మైదానాల్లోంచి నేరుగా పైకి తోలిన పటాలాలకు సరైన చలిబట్టలు లేవు. ఒకే ప్రధాని, ఒకే ఖజానా. ఒక శాఖ ఆసియాలో ముందువరసలో ఉంటే ఇంకొకటి ఇలా ఉంది. అణుశక్తికి ప్రధానితో నేరుగా మాట్లాడగల భాభా ఉన్నాడు. సైన్యం మాటకు ఆ దారి లేదు. ఈ విషయంలో నెహ్రూను వెనకేసుకు రావడం నాకు చేతకాదు.

మారుత్ యుద్ధ విమానం కూడా ఈ కోవలోదే. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్‌ను తెచ్చి బెంగళూరులో చేయించారు, 1961 జూన్‌లో ఎగిరింది, మంచి విమానం. దానికి తగ్గ ఇంజిన్ మాత్రం మన దగ్గర లేదు, బయట దొరకలేదు, చివరిదాకా తక్కువ శక్తి ఉన్న ఇంజిన్‌తోనే నడిచింది. 1962లో సోవియట్ మిగ్-21 ఒప్పందం చేసుకున్నాం. విమానం నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో అని పంచారు, హైదరాబాద్ రక్షణ ఉత్పత్తుల ఊరుగా మారడానికి అదొక మొదలు. అయినా లైసెన్సు మీద చేయడం వేరు, సొంతంగా గీసి చేయడం వేరు. ఇంజిన్ విషయంలో ఆ తేడా ఈనాటికీ మనల్ని వదల్లేదు.

మీరు వృథా అన్న పదేళ్ల గురించి ఇప్పుడు. ఆ పదేళ్లలో ఏం జరిగిందో నేను పనిచేసిన చోటు నుంచి చెప్తాను. ఎ.ఎస్.రావు గారు, పశ్చిమగోదావరి మోగల్లు మనిషి, 1967లో హైదరాబాద్‌లో ఇ.సి.ఐ.ఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థను నిలబెట్టారు, రియాక్టర్ కంట్రోల్ పరికరాలు ఇక్కడే చేయాలని. ఆ పక్కనే అణు ఇంధన కర్మాగారం 1971లో వచ్చింది. అక్కడ చేసే పని చూడ్డానికి చాలా చిన్నది. నల్లటి యురేనియం ఆక్సైడ్ పొడిని అచ్చులో నొక్కి చిటికెన వేలి కణుపంత పెల్లెట్లు చేస్తారు, 1700 డిగ్రీల దగ్గర కొలిమిలో కాలుస్తారు, వెంట్రుక మందంలో ఎన్నో వంతు తేడా కూడా లేకుండా సానబట్టి జిర్కోనియం మిశ్రమలోహం గొట్టాల్లో వరసగా పేరుస్తారు. కొసలు మూసి వెల్డ్ చేసి పంతొమ్మిది గొట్టాలు కలిపితే అర మీటరు పొడవున్న ఒక బండిల్. ఆ గొట్టం చేయడమే పెద్ద విద్య. జిర్కోనియం సముద్రపు ఇసకలోంచి వస్తుంది, దానితోపాటు హాఫ్నియం అనే తోడు లోహం వస్తుంది. రసాయన గుణాల్లో రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి గానీ, హాఫ్నియం న్యూట్రాన్లను మింగేస్తుంది, జిర్కోనియం వదిలేస్తుంది. ఆ రెండిటినీ విడదీయడం రాకపోతే రియాక్టర్ లేదు. ఒక్క వెల్డులో గుండుసూది మొనంత లోపం ఉన్నా ఆ బండిల్ పక్కన పడేయాల్సిందే, మా సీనియర్లు ఆ విషయంలో ఎవరి మాటా వినేవాళ్లు కాదు.

1974 మే 18న పోఖ్రాన్ తరవాత కెనడా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. వాళ్ల సాయంతో కడుతున్న రాజస్థాన్ రెండో రియాక్టర్ సగంలో ఉంది. తారాపూర్‌కు ఇంధనం ఇవ్వడానికి అమెరికా మెలిక మీద మెలిక పెట్టింది, చివరికి 1982లో ఫ్రాన్స్ ముందుకొచ్చింది. సరఫరా దేశాలన్నీ కలిసి ఒక బృందంగా ఏర్పడి ఎగుమతులకు తాళం వేశాయి. అప్పుడు మనల్ని నిలబెట్టింది బండిల్ చేయగల చేతులు, కంట్రోల్ ప్యానెల్ చేయగల చేతులు. రాజస్థాన్ రెండోది మనమే పూర్తి చేసుకున్నాం, కల్పాక్కం మనమే కట్టుకున్నాం. నిజమే, చాలా ఆలస్యమైంది. భారజలం చాలక రియాక్టర్లు ఎదురుచూశాయి, మణుగూరు ప్లాంటు 1990ల మొదట్లో వచ్చేదాకా ఆ టెన్షన్ తీరలేదు. ఇదే ఆంక్షలు 1965లో వచ్చి ఉంటే? ఇ.సి.ఐ.ఎల్ లేదు, ఇంధన కర్మాగారం లేదు, తారాపూర్ పునాదుల్లో ఉంది, జాదూగూడ యురేనియం గని పూర్తిగా అందిరాలేదు. మొత్తం కార్యక్రమం అక్కడితో కూలబడేది. అందుకే ఆ పదేళ్లు వృథా అంటే నేను ఒప్పుకోను.

గోధుమల ముక్క కూడా దీనికే ముడిపడి ఉంది. 1965, 66ల్లో వరసగా వానలు మొహం చాటేశాయి. పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయ చట్టం కింద అమెరికా గోధుమ ఓడలు వస్తేగానీ రేషన్ నడవని రోజులు. ప్రెసిడెంట్ జాన్సన్ ఆ ఓడలను నెలనెలా లెక్కపెట్టి వదిలాడు, మన వ్యవసాయ విధానం మార్చమని, వియత్నాం మీద మాట్లాడొద్దని. 1966 జూన్‌లో రూపాయి విలువ డాలరుకు 4.76 నుంచి 7.50కి తగ్గించాల్సి వచ్చింది. ఆ పరిస్థితిలో ఉన్న దేశం బాంబు పేల్చి ఆంక్షలు నెత్తిన వేసుకుంటే తిండికి ఎక్కడికి పోతుంది? శాస్త్రి బాంబుకు బదులు బ్రిటన్ దగ్గర అణు రక్షణ హామీ దొరుకుతుందేమోనని చూశారు, 1967లో ఇందిర కూడా ఎల్.కె.ఝా, సారాభాయ్‌లను మాస్కో, వాషింగ్టన్‌లకు పంపించారు. గట్టి హామీ ఎవరూ ఇవ్వలేదు. మరుసటి ఏడాది వచ్చిన అణ్వస్త్రవ్యాప్తి నిరోధక ఒప్పందం 1967 జనవరి 1కి ముందు పేల్చినవాళ్లే అణు దేశాలు అని గీత గీసింది, మనం సంతకం పెట్టలేదు. ఇవన్నీ వరసగా జరిగాయి, ఒక్క రోజులో మనసు మార్చుకుని పోఖ్రాన్‌కు వెళ్లలేదు.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇంకొకటి, ఈ విధానాన్ని నడిపిన తీరు. 1948లో కృష్ణమూర్తిరావు అడిగిన ప్రశ్నకు జవాబు రాకుండానే 1962 చట్టంలోనూ రహస్యం కొనసాగింది. పోఖ్రాన్ నిర్ణయం ఇందిరాగాంధీ గుప్పెడుమంది సలహాదారులతో తీసుకున్నది, పార్లమెంటుకు ముందుగా తెలియదు, సైన్యాధిపతులతో దీన్ని యుద్ధ వ్యూహంలో ఎలా వాడాలన్న చర్చ లేదు. బాంబుల గుట్టు దాచడం అర్థం చేసుకోగలను. కానీ అదే అలవాటు గనుల దగ్గరికి, నీళ్ల దగ్గరికి వచ్చేసింది. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ అనగానే చెంచు గూడేల దగ్గర్నుంచి హైదరాబాద్ దాకా జనం తిరగబడ్డారు, తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఆ రంగంలో బతికినవాడిగా చెప్తున్నా, ఆ ప్రజల భయం తెలివితక్కువతనం కాదు, మేం డెబ్బై ఏళ్లు వాళ్లతో మాట్లాడకపోవడం వల్ల వచ్చిన భయం. అడిగినప్పుడు లెక్కలు చూపించి ఉంటే కొంతైనా నమ్మేవాళ్లు.

చివరగా మీ ప్రశ్నలో ఒక సవరణ. ‘1974లో ఎలాగూ బాంబు చేశాం’ అన్నారు, పరీక్షలో అలా రాయకండి. అక్కడ 107 మీటర్ల లోతున పెట్టి పేల్చింది దాదాపు 1,400 కిలోల పరికరం, ఏ యుద్ధ విమానానికీ తగిలించేలా చేసింది కాదు. దాన్ని ఆయుధంగా మార్చే పని తరవాతి ఏళ్లలో జరిగింది, ప్రభుత్వం మళ్లీ పోఖ్రాన్‌కు వెళ్లింది 24 ఏళ్లకు, 1998 మేలో.